నిమిషానికి 274: మా బాబు గుండె దడతో ఏడాది

మా బాబు గుండెలో రంధ్రం లేదు. ఈ ఏడాదిలో నేను ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే. పిల్లలకు గుండె జబ్బు అనగానే మనవాళ్లకు రంధ్రం ఒక్కటే తెలుసు. గుండె గదులు, కవాటాలు అన్నీ సరిగ్గా ఉండి, కొట్టుకునే లయ మాత్రమే తప్పే పసిపిల్లలు ఉంటారని 2025 జనవరి దాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరికైనా అవసరం పడవచ్చని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వాడు 2024 నవంబరు 28న పుట్టాడు. నెలలు నిండిన కాన్పు, మూడు కిలోల బరువు, ఏ ఇబ్బందీ లేదు. నేను దుగ్గిరాలలో పుట్టింట్లో ఉన్నాను. జనవరి 10, శుక్రవారం రాత్రి మొదటిసారి తేడా కనిపించింది. రొమ్ము పట్టుకుంటాడు, నాలుగు గుక్కలు తాగుతాడు, వదిలేసి రొప్పుతాడు. మళ్లీ పట్టుకుంటాడు. ధనుర్మాసపు చలిలో నుదుటి నిండా చెమట. ఏడుపులో బలం లేదు, మూలిగినట్టు ఉంది. మా అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. అమ్మ నేను మధ్యాహ్నం తిన్న వంకాయ కూరను అనుమానించింది.

శనివారం దగ్గరలోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాం. గంటన్నర కూర్చున్నాక రెండు నిమిషాలు చూసి, గ్యాస్ అని చుక్కల మందు రాశారు. ఫీజు 300, మందులు 180. బరువు తూచారు, జ్వరం చూశారు, స్టెతస్కోపు మాత్రం మెడలోనే ఉండిపోయింది. ఆ వయసు పిల్లలు పాలు తాగకపోవడానికి వంద కారణాలు ఉంటాయని తర్వాత చాలామంది నాకు సర్దిచెప్పారు. ఉంటాయి. కానీ గుండె వేగం లెక్కపెట్టడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆదివారం తెల్లవారేసరికి వాడి రంగు మారింది. పెదవుల చుట్టూ బూడిద రంగు, చల్లబడిన అరికాళ్లు. డొక్కలు ఎగరేస్తున్నాడు. రాత్రంతా ఒక్కసారే మూత్రం పోశాడు. మర్నాడు భోగి, ఎక్కడ చూసినా పండగ సెలవులే. నాన్న తెనాలిలో తనకు తెలిసిన పిల్లల డాక్టరుగారికి ఫోను చేస్తే, ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. ఆటోలో అరగంట.

ఆయన వయసులో పెద్దాయన. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, గడియారం చూస్తూ లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపేశారు. “లెక్కకు అందడం లేదమ్మా” అన్నారు. ఈసీజీ తీయించారు. గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, మధ్యలో చోటే లేదు. నిమిషానికి 274.

ఆ వయసులో మెలకువగా ఉన్నప్పుడు సుమారు 120 నుంచి 160 దాకా ఉంటుందట. జ్వరం వచ్చినా, గుక్కపట్టి ఏడ్చినా పెరుగుతుంది కానీ 220 దాటడం అరుదు. పైగా ఏడుపు వల్ల పెరిగిన వేగం ఏడుపు ఆపితే దిగుతుంది, ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది. మా వాడిది ఏడ్చినా, సోలినా అదే అంకె దగ్గర బిగుసుకుని ఉంది. డాక్టరుగారికి అనుమానం తీరింది అక్కడే.

ఐసు ముక్కలూ నీళ్లూ కలిపిన పాలిథిన్ సంచిని వాడి నుదురు, కళ్లు, ముక్కు దూలం మీద ఆనేలా పదిహేను సెకన్లు పెట్టారు. నోటికీ ముక్కు రంధ్రాలకూ అడ్డం రానివ్వలేదు. “పసిబిడ్డకు ఐసు ఏమిటండీ” అని అమ్మ అడ్డం వెళ్లబోతే నాన్న పట్టుకుని ఆపారు. ముఖానికి ఒక్కసారిగా చల్లదనం తగిలితే, గుండెను నెమ్మదింపజేసే నరం మేల్కొంటుందట. అంకె 150కి పడింది. మేం ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ 270 ఎక్కింది.

“దీన్ని ఎస్వీటీ అంటారు, గుండె ఉన్నట్టుండి లయ తప్పి అతివేగంగా కొట్టుకోవడం. పసిపిల్లల్లో వచ్చే దడల్లో ఎక్కువగా చూసేది ఇదే. మందు ఉంది. కానీ గంటల తరబడి ఇలాగే కొట్టుకుంటే గుండె అలసిపోతుంది, ఇప్పటికే ఎన్ని గంటలైందో తెలియదు. విజయవాడ వెళ్లండి” అన్నారు. సూర్యారావుపేటలో ఒక పిల్లల ఆసుపత్రికి ఆయనే ఫోను చేసి, మందు పేరు చెప్పి సిద్ధంగా ఉంచమన్నారు. ఈసీజీ కాగితం నా చేతిలో పెట్టి, “బిడ్డతో పాటు ఇదీ జాగ్రత్త. దడ వచ్చినప్పటి కాగితం మళ్లీ దొరకదు” అన్నారు. ఫీజు తీసుకోలేదు.

108 కోసం ముప్పై అయిదు నిమిషాలు ఎదురుచూశాం. ఆక్సిజన్ పెట్టి బయలుదేరారు. మంగళగిరి దాటి జాతీయ రహదారి ఎక్కాక పండక్కి ఊళ్లకు వెళ్లే కార్లు. కనకదుర్గ వారధి మీద బండి పాకింది. సైరన్ మోగుతూనే ఉంది, ముందున్నవాళ్లకు తప్పుకోవడానికి చోటు ఉంటేగా. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. విజయవాడలోనే ఉద్యోగం చేస్తున్న మా ఆయన అప్పటికే కౌంటరు దగ్గర 40,000 అడ్వాన్సు కట్టి నిలబడి ఉన్నారు. ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే, మా పాలసీలో కొత్తగా పుట్టిన బిడ్డ 90 రోజులు నిండాకే చేరతాడని తేలింది. వాడికి ఆ రోజుకు 45.

మందు పేరు అడెనోసిన్. ఒంట్లో దాని ప్రభావం నిలిచేది కొన్ని సెకన్లే. అందుకని గుండెకు వీలైనంత దగ్గర ఉన్న నరంలోకి ఒక్క ఊపున తోసి, వెంటనే రెండో సిరంజితో సెలైన్ పంపాలి. ఆ నరం దొరకడానికే చాలాసేపు పట్టింది. పాలు లేక ఒళ్లు ఎండిపోయి ఉన్నాడు. చేతులూ కాళ్లూ పొడిచి పొడిచి, చివరికి మోచేతి మడతలో పట్టారు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు ఆవిడ. కాగితం మీద సంతకం అడిగే ముందు ఏదీ దాచలేదు. “మందు ఎక్కగానే రెండు మూడు సెకన్లు గుండె ఆగినట్టు కనిపిస్తుంది, మానిటర్‌లో గీత చదునుగా వస్తుంది. మాకు కావలసింది అదే. చూడలేమనుకుంటే బయట కూర్చోండి” అన్నారు. మా ఆయన బయటికి వెళ్లారు. నేను ఉన్నాను.

మొదటి డోసుకు ఏమీ కాలేదు. రెండోది పెంచి ఇచ్చారు. గీత చదునైంది. ఆ సెకన్ల గురించి ఇంతకంటే రాయలేను. తర్వాత ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకొకటి, ఆ తర్వాత వరుసగా. 148. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. శుక్రవారం నుంచి వినని ఏడుపు అది. పక్కనున్న నర్సమ్మ నవ్వుతూ, “ఇప్పుడు ఎంత ఏడ్చినా ఫర్వాలేదమ్మా” అంది. మందు తోస్తున్నంతసేపూ ఈసీజీ యంత్రం నడుస్తూనే ఉండడం గమనించాను. దడ ఏ దారిన తిరుగుతోందో, ఎక్కడ తెగిందో ఆ కాగితంలోనే తెలుస్తుందని తర్వాత చెప్పారు.

అంతటితో అయిపోయిందనుకున్నాం. భోగి తెల్లవారుజామున మూడు గంటలకు మళ్లీ వచ్చింది. మళ్లీ అడెనోసిన్, మళ్లీ తగ్గింది. ఇక పదే పదే రాకుండా అమియోడరోన్ అనే మందును పంపు ద్వారా సన్నగా రెండు రోజులు ఎక్కించారు. ఎకో అనే గుండె స్కానింగులో గుండె నిర్మాణం బాగుంది. పంపింగ్ మాత్రం కొంత తగ్గింది, అన్ని గంటలు పరుగెత్తిన అలసట. నాలుగో రోజు మళ్లీ తీస్తే మామూలుకు వచ్చింది.

పండగ మూడు రోజులూ పీఐసీయూ (పిల్లల ఐసీయూ) బయట ఇనుప కుర్చీల్లో గడిచాయి. పాల వేళకు పిలిచినప్పుడే లోపలికి. బిడ్డకు జరిగే ప్రతిదీ రాసుకుంటారు కానీ, బయట కూర్చున్నది బాలింత అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. నడుం వాల్చడానికి చోటు లేదు, పండగకు మెస్సులు మూసేశారు. అమ్మ రోజూ దుగ్గిరాల నుంచి పథ్యం క్యారేజీ తెచ్చింది. ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే తల్లి కోసం ఒక మనిషిని, దగ్గరలో ఒక గదిని చూసుకోండి. మేం మూడో రోజున రోజుకు 900 చొప్పున ఒక గది తీసుకున్నాం.

దడ పూర్తిగా నిలకడ అయ్యాక తీసిన ఈసీజీలో డెల్టా వేవ్ అనే చిన్న వాలు కనిపించింది. వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు డాక్టర్లు 1930లో వివరించిన లక్షణం ఇది, డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు ఒకే దారిలో, మధ్యలో ఒక చోట క్షణం ఆగి దిగాలి. వీడికి పుట్టుకతోనే పక్కన ఇంకో దారి ఉంది. ఒక దారిన దిగిన కరెంటు రెండో దారిన పైకెక్కి, మళ్లీ దిగి, అక్కడే గిరగిరా తిరుగుతుంది. దుగ్గిరాల కాలువ లాకుల దగ్గర పెరిగిన మా నాన్న దీన్ని లాకు పక్కన గట్టుకు గండి పడడంగా అర్థం చేసుకున్నారు. “నీళ్లు వెనక్కి ఎక్కవు కదా నాన్నా” అంటే, “అందుకే కదమ్మా, దీన్ని జబ్బన్నారు” అన్నారు.

వైద్యరంగంలో పనిచేసే మా బంధువు ఒకాయన డిగాక్సిన్ అనే గుండె మందు ఎందుకు ఇవ్వలేదని ఫోనులో నిలదీశారు. డాక్టరమ్మను అడిగాను. డెల్టా వేవ్ ఉన్నవాళ్లలో డిగాక్సిన్, వెరపమిల్ లాంటివి ఆ అదనపు దారిని మరింత చురుకు చేసే ప్రమాదం ఉందని, ఏడాదిలోపు పిల్లలకు వెరపమిల్ నరంలోకి అసలు ఇవ్వకూడదని విసుక్కోకుండా చెప్పారు. రోజూ వాడే మందుగా ప్రొప్రనలాల్ మొదలుపెట్టారు. తక్కువ డోసుతో మొదలుపెట్టి, మడమ దగ్గర గుచ్చి చక్కెర చూస్తూ పెంచారు.

జనవరి 18న ఇంటికి పంపారు. బిల్లు లక్షా ఇరవై ఆరు వేలు, అందులో ఎక్కువ భాగం పీఐసీయూ రోజు అద్దె. ప్రాణం నిలబెట్టిన అడెనోసిన్ పద్దు వెయ్యి రూపాయలు కూడా లేదు. ఏడాది పాటు వాడాల్సిన మాత్రలు స్ట్రిప్పు పాతిక రూపాయల లోపే.

అసలు పని ఇంటికి వచ్చాక మొదలైంది. పసిబిడ్డకు మాత్ర ఎలా వేస్తారు? సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లో మేం అడిగిన ఏ షాపులోనూ సిరప్ లేదు. ఆసుపత్రి ఫార్మసిస్టు నేర్పిన పద్ధతి ఇది: 10 మిల్లీగ్రాముల మాత్రను కాచి చల్లార్చిన 10 ఎంఎల్ నీటిలో నలిపి, బాగా కలిపి, చీటీలో రాసినంత సిరంజితో తీసి బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా వదలాలి. మిగిలింది పారబోయాలి. మా వాడికి ఎన్ని ఎంఎల్ అన్నది ఇక్కడ రాయను, అది వాడి బరువుకు డాక్టరు వేసిన లెక్క. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది.

ఫిబ్రవరిలో ఒక మందుల షాపు వాళ్లు 10 బదులు 40 మిల్లీగ్రాముల స్ట్రిప్పు ఇచ్చారు. రేకు చూడడానికి ఒకేలా ఉంది. మాత్ర నలపబోతుంటే నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివి ఆపారు. నాలుగు రెట్లు! మర్నాడు వెళ్లి అడిగితే “కంప్యూటర్‌లో అలా ఉందండీ” అన్నాడు ఆ అబ్బాయి. అంకె చదవందే డబ్బులు ఇవ్వడం ఆ రోజుతో మానేశాం.

ఈ మందుతో ఇంకో సంగతి ఉంది. పసిపిల్లలు ఆకలితో ఉన్నప్పుడు ఇస్తే చక్కెర పడిపోవచ్చు, పైగా పడిపోయినప్పుడు కనిపించాల్సిన గుండె దడ లాంటి హెచ్చరికలను కూడా మందే అణిచేస్తుంది. కాబట్టి పాలు తాగాకే డోసు. తాగనని మొరాయిస్తే, వాంతులు అవుతుంటే ఆ డోసు ఆపి ఫోను చేయాలి. ఇచ్చాక కక్కితే మళ్లీ ఇవ్వకూడదు. మార్చిలో రెండు రోజులు విరేచనాలు అయినప్పుడు ఈ నియమమే మమ్మల్ని కాపాడింది. దడ వస్తుందేమోనన్న భయంతో మందు ఇవ్వబోయిన మా అత్తగారిని ఒప్పించడానికి డాక్టరమ్మ చేత స్పీకర్‌లో చెప్పించాల్సి వచ్చింది.

650 పెట్టి స్టెతస్కోపు కొన్నాం. పెద్దవాళ్ల వేలికి పెట్టే ఆక్సీమీటరు కొంటే పసిపిల్లాడికి సరిగా పట్టక 1,200 వృథా అయింది. రోజుకు రెండుసార్లు, నిద్రలో వినమన్నారు. “నోటితో లెక్కపెట్టగలిగితే ఇంట్లో ఉండండి, లెక్క అందకపోతే రండి” అన్నది వాళ్లు ఇచ్చిన సూత్రం. నేను రెండుసార్లతో ఎక్కడ ఆగాను? మొదటి నెల అర్ధరాత్రి లేచి కూర్చుని వినేదాన్ని, నా గుండె చప్పుడే వాడిదనుకుని బెదిరేదాన్ని. చివరికి మా ఆయన ఉదయం, రాత్రి తప్ప స్టెతస్కోపును బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పుడు గొడవపడ్డాను కానీ, నిద్ర పట్టింది ఆ తర్వాతే.

ఆరోగ్య కేంద్రంలో టీకా వేయడానికి నర్సమ్మ జంకింది, గుండె మందు వాడుతున్నాడు కదా అని. అన్ని టీకాలూ వేయవచ్చని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపాక జనవరి 29, బుధవారం వేశారు. జలుబు సిరప్‌లలో ఉండే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ వద్దని, ఆయాసానికి ఎవరైనా నెబ్యులైజర్ పెట్టాలంటే ముందు తమకు ఫోను చేయించమని ఆసుపత్రివాళ్లు ఒక కార్డు ఇచ్చారు. దాన్ని టీకా పుస్తకానికి కుట్టేశాను.

పిల్లల గుండె డాక్టరుగారు ఆ ఆసుపత్రికి నెలలో కొన్ని రోజులే వస్తారు. పదింటికి అపాయింట్‌మెంట్ అంటే పిలుపు ఒంటిగంట నలభైకి. మే నెల రివ్యూ ఆయన సెలవు వల్ల జూన్‌కు వాయిదా పడింది. ఆ లోపే, జూన్ 3 రాత్రి, వాడు పాలు వదిలేసి నా ముఖంలోకి చూశాడు. చెయ్యి పెడితే తెలిసిపోయింది, లెక్క అందడం లేదు. ఫ్రీజర్‌లో ఐసు ఎప్పుడూ ఉంచుతున్నాం. నేర్పినట్టే పెట్టాం. మొదటిసారి తగ్గలేదు. రెండోసారి ఇరవై సెకన్లకు ఆగి, సర్దుకుంది. కళ్ల మీద నొక్కితే తగ్గుతుందని ఒకరు చెప్పారు, చూపుకే ప్రమాదమని, అది ఎన్నడూ చేయొద్దని డాక్టర్లు గట్టిగా హెచ్చరించి ఉన్నారు.

ఆ రాత్రే కారులో విజయవాడ వెళ్లాం. అప్పటికి ఈసీజీ మామూలుగా ఉంది. కారణం తేలడానికి తూకం యంత్రం చాలు. మార్చి నుంచి వాడు కిలోన్నర పెరిగాడు, డోసు మాత్రం అక్కడే ఉంది. బరువుతో పాటు పెంచుకుంటూ పోవాల్సిన మందు అది. రివ్యూ వాయిదా వేసేటప్పుడు ఫోను చేసిన అమ్మాయి “ఏం తొందర లేదండీ” అంది. ఉంది. అప్పటి నుంచి రెండు వారాలకోసారి తూచి, ఆసుపత్రికి మెసేజ్ పెడుతున్నాం. రివ్యూ వాయిదా పడితే బరువు చెప్పి డోసు అడగండి, తేదీ కోసం కూర్చోవద్దు.

ఆగస్టులో రోజంతా ఈసీజీ నమోదు చేసే 24 గంటల హోల్టర్ పెట్టారు, 3,200. ఛాతీ మీద స్టిక్కర్లు, నడుముకు చిన్న యంత్రం. ఉక్కపోతకు స్టిక్కర్లు ఊడిపోతుంటే, మా అమ్మ పాత నూలు చీర చింపి చుట్టింది. తెల్లారి తీసేసరికి చెమటకాయలు. రిపోర్టులో నిద్రలో కొన్ని సెకన్ల దడ రెండుచోట్ల ఉంది, మాకు తెలియనే లేదు. మందు కొనసాగించమన్నారు.

మొదటి పుట్టినరోజు దాటాక, డిసెంబరులో మందు తగ్గించడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి ఆపకూడదు. వారానికి కొంత చొప్పున తగ్గించి 2026 జనవరి 4న చివరి డోసు వేశాం. నేను సంతోషిస్తానని అందరూ అనుకున్నారు. ఏడాది పాటు నన్ను కట్టిపడేసిన ఆ ఆరు, రెండు, పదే నాకు ధైర్యం కూడా. అవి పోయాక మొదటి పది రోజులు మందు ఉన్నప్పటికంటే ఎక్కువ భయపడ్డాను.

ఫిబ్రవరి హోల్టర్‌లో దడ ఎక్కడా లేదు. ఈసీజీలో డెల్టా వేవ్ మాత్రం ఇంకా ఉంది. చాలామంది పసిపిల్లల్లో ఏడాది వచ్చేసరికి దడలు ఆగిపోతాయని, కొందరికి బడి వయసులో తిరిగి వస్తాయని, అప్పటికి నోటితో చెప్పగలరు కాబట్టి కనిపెట్టడం తేలికని డాక్టరుగారు అన్నారు. పిల్లలు గుండె అనరట, కడుపులోనో గొంతులోనో ఏదో కొట్టుకుంటోందంటారట. డెల్టా వేవ్ ఉన్నంతకాలం చూపించుకుంటూ ఉండాలి. పెద్దయ్యాక ఆ దారి ఎంత ప్రమాదకరమో పరీక్షించి, అవసరమైతే తొడ దగ్గరి నరం గుండా సన్నని తీగ పంపి దాన్ని కాల్చేస్తారు. మరీ తప్పనిసరి అయితే తప్ప పదిహేను కిలోలు దాటాకే అది చేయడం మంచిదన్నారు. మా వాడు ఇప్పుడు 9.4.

కాగితాల గురించి ఒక మాట. ఈసీజీ కాగితం వేడికి వెలిసిపోతుంది. తెనాలిలో తీసిన మొదటి కాగితం ఇనుప బీరువాలో ఉండగానే వేసవికి పాలిపోయింది. మా ఆయన జనవరిలోనే జిరాక్సు తీయించి, ఫోనులోనూ ఫొటోలు పెట్టారు కాబట్టి సరిపోయింది. ప్రతి కొత్త డాక్టరూ మొదట అడిగింది దాన్నే. పెద్దయ్యాక ఆ తీగ పని చేసేవాళ్లూ దాన్నే అడుగుతారట.

తర్వాతి రివ్యూ ఆగస్టులో. పదింటికే రమ్మన్నారు. భోజనం క్యారేజీ కట్టుకునే వెళ్తాం.